ఖోట్లా వినని ఈల

మా నాన్న ఆవుల్ని పిలిచే ఈల నాకు తప్ప ఇంకెవరికీ రాదు. మొదట పొడుగ్గా సాగుతుంది, ఊపిరి పీల్చుకున్నంతసేపు ఆగుతుంది, చివర్న చటుక్కున పైకి ఎగురుతుంది. ఆడపిల్ల ఈల వెయ్యకూడదని అమ్మ నా మూతి మీద కొట్టేది. నాన్న మాత్రం, "దానికి అన్నదమ్ములు లేరు కదే, రేపు ఆవులు ఎవరి మాట వింటాయి?" అని నవ్వేవాడు. ఇద్దరూ పోయారు. ఈల ఒక్కటే నాకు మిగిలింది. దాన్ని నమ్ముకునే ఖోట్లా, అంటే మా ఊరి పంచాయితీ, ఎక్కాను.

ఆ ఆవులు ఎప్పుడూ మా దొడ్లో లేవు. నాన్న వాటిని మొదిరీకి మఫీసా ఇచ్చాడు. మా వైపు పశువులున్నవాడు లేనివాడి దొడ్లో కొన్నిటిని అలా వదలడం తాతల నాటి నుంచీ ఉన్నదే. పాలు మేపినవాడివి. దున్నుకోవడానికి ఎడ్లు అతనివి. ఎప్పుడైనా మనసు పుడితే ఒక పెయ్యదూడని కూడా ఇచ్చేస్తారు. ఆవులు మాత్రం ఇచ్చినవాడివే, వాటి కడుపున పుట్టినవీ అతనివే. దీనికి కాగితం ఉండదు. కాగితం అడిగితే తిట్టినట్టు లెక్క. ఊరి పెద్దల ముందు ఒక మాట అనుకుంటారు, అంతే.

మొదిరీ, మా నాన్న కుర్రాళ్ళని మగవాళ్ళుగా చేసే దీక్ష ఒకే ఏడు, ఒకే జట్టులో పట్టినవాళ్ళు. అందుకే నేను మొదిరీని బాబాయ్ అనేదాన్ని. నాన్న పోయినప్పుడు గోతిలోకి దిగి మట్టి సరిచేసింది ఆయనే. సంతాపానికి వచ్చినవాళ్ళకి పెట్టే మాంసాన్ని పెద్ద ఇనప కుండలో వండి, పీచు పీచుగా దంచింది కూడా ఆయనే. ఆ చేతుల్ని చూసి నేను ఏడ్చాను. నాన్న లేకపోయినా నాకొక మనిషి ఉన్నాడనుకున్నాను. ఇప్పుడు ఆ ఏడుపు గుర్తొస్తే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

నాన్న పోయిన తర్వాతి ఎండాకాలంలో మొదిరీ మా వాకిట్లోకి వచ్చి, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆవులు పోయాయి బిడ్డా," అన్నాడు. "మొత్తం. సరిహద్దు అవతలికి తోలేసుంటారు వెధవలు. నేను వెతకని ముళ్ళకంప లేదు."

నేను బడిపిల్లల యూనిఫారాలు కుట్టి బతికేదాన్ని. ఆ ఆవులు తప్ప నాకు వెనకా ముందూ ఏమీ లేవు. కుట్టుమిషను ఆపేసి, జిల్లా పట్నానికి వెళ్ళి పోలీసు రిపోర్టు ఇస్తానన్నాను.

"పట్నం వెళ్ళి ఏం చేస్తావ్?" అన్నాడు మొదిరీ. "అక్కడి మేజిస్ట్రేటు కుర్రాడు పాలడబ్బా మీద బొమ్మలో తప్ప ఆవుని చూసుండడు. 'కాగితం ఏదమ్మా' అంటాడు. మఫీసాకి కాగితమేంటి? 'వాయిదా' అంటాడు. నువ్వు మళ్ళీ బస్సెక్కు, మళ్ళీ దిగు. నీ జీవితం ఆ బస్సులోనే తెల్లారుతుంది."

"మరేం చెయ్యమంటావు బాబాయ్?"

"ఆగు. మన ఖోట్లాకే అధికారం తెప్పిద్దాం. పెద్ద కేసులు కూడా ఇక్కడే వినేలా చేద్దాం. ఇక్కడి ముసలాళ్ళకి మీ నాన్న ఆవులు ఒక్కోటీ రంగుతో సహా తెలుసు. దొంగ ఎప్పటికైనా దొరుకుతాడు. దొరికిన రోజున మన మధ్యనే నిలబెడదాం."

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అదే నా ఖర్మ. అప్పటికి మా సెఫాలా ఊళ్ళో ఖోట్లా అంటే, గుంజలు పాతిన అర్ధచంద్రం లోపల ఊరిపెద్ద కెలెబొన్యే కూర్చుని తిట్లూ, తాగుబోతు కొట్లాటలూ, ఒకరి మేక ఇంకొకరి జొన్న తిన్న తగాదాలూ తీర్చే చోటు. పశువుల దొంగతనం, కత్తిపోటు లాంటివి వస్తే చేతులెత్తేసి పట్నానికి పంపాల్సిందే. అక్కడ అరగని చెప్పు లేదు, అందిన న్యాయం లేదు. మా వీధిలో సారా కాచే బొనోలో మొగుడిని గొడ్డలితో నరికినవాడి కేసు వాయిదాల్లోనే ముసలిదైపోయింది. ఆ నరికినవాడు ఇప్పటికీ బొనోలో దగ్గరే సారా కొనుక్కుంటాడు.

అందుకే నేను ఆగాను. ఊరికే ఆగలేదు, తిరిగాను. ఖోట్లాకి అధికారం కావాలని ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. ఆడవాళ్ళ చేత చాపలు చంకన పెట్టించి సభలకి తీసుకొచ్చాను. మగవాళ్ళంతా మడత కుర్చీల్లో కూర్చున్న సభలో లేచి నిలబడి మాట్లాడాను. "మన ఆవుల్ని ఎరగనివాడు మన దొంగల్ని ఎలా ఎరుగుతాడు?" అన్నాను. ఆ మాట నాకు చెప్పింది మొదిరీనే. సభ మొత్తం "పులా! పులా!" అని అరిచింది. మాకు వాన అన్నా, డబ్బన్నా, శభాష్ అన్నా అదే మాట. మొదిరీ అందరికంటే గట్టిగా అరిచాడు.

"చూడవే, నీ బాబాయ్ కళ్ళలో నీళ్ళు," అంది బొనోలో నా పక్కన.

"ధూళి పడుంటుంది," అన్నాను. కానీ నాకూ నీళ్ళు తిరిగాయి.

చివరికి అధికారం వచ్చింది. రాజధాని నుంచి ఒక అధికారి తెల్ల జీపులో వచ్చి, సూటు మీద పడ్డ దుమ్ము దులుపుకుంటూ కొత్త చట్టం చదివి చెప్పాడు. ఇక పశువుల దొంగతనం ఇక్కడే వినొచ్చు. కత్తిపోట్లు వినొచ్చు. జైలుకి పంపొచ్చు. తర్వాత చివర్న ఒక మాట చెప్పాడు.

"ఖోట్లాలో వకీళ్ళు ఉండరు, మీకు తెలిసిందే. కానీ ముద్దాయి తనకి వకీలు కావాలని అడిగితే కాదనడానికి లేదు. అప్పుడు కేసు పట్నం కోర్టుకి పోతుంది."

ముందు వరసలో కూర్చున్న ముసలి తౌ పళ్ళు లేని నోటితో నవ్వాడు. "మనవాళ్ళ ముందు మాట్లాడ్డానికి అద్దెకి నోరు తెచ్చుకునేవాడు మనిషా నాయనా? వాడి మొహాన పెళ్ళాం కూడా నీళ్ళు పొయ్యదు."

సభ పగలబడి నవ్వింది. మొదిరీ తొడ చరుచుకుని మరీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ వారమే ఊరిపెద్ద మొదిరీని తన సలహాదారుల్లో ఒకడిగా పెట్టుకున్నాడు. మొదిరీ కుర్చీ ఊరిపెద్ద కుర్చీ పక్కకి చేరింది.

చలికాలం మొదట్లో బొనోలో తమ్ముడు మా ఇంటికొచ్చాడు. వాడు దూరపు పశువుల దొడ్లకి, అక్కడి బోరింగులకి డీజిలు డ్రమ్ములు తోలుతుంటాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కా, నామీద కోప్పడకు," అన్నాడు. "మొదిరీగారు ఉత్తరాన కొత్త బోరింగు వేయించాడు కదా. అక్కడ నల్ల ఒంటి మీద తెల్ల నడికట్టు ఉన్న ముసలావు ఒకటుంది. కొమ్ము ఒకటి కిందికి వంగి ఉంది."

మా నాన్నకి అలాంటి ఆవు ఉండేది. దాని పేరు ఫత్ష్వానా. చిన్నప్పుడు నేను దాని పొదుగు కింద నోరు పెట్టి పాలు తాగితే నాన్న చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

"కళ్ళు పోయాయా నీకు?" అన్నాను వాడితో. "అలాంటి ఆవులు లోకంలో ఎన్ని లేవు?"

"ఉంటాయక్కా. అందుకే నువ్వే వచ్చి చూడమంటున్నా."

డీజిలు డ్రమ్ముల మధ్య కూర్చుని వెళ్ళాను. ఇసకలో బండి కూరుకుపోయినప్పుడల్లా దిగి తోశాను. దారి పొడుగునా ఆ ఆవు మాది కాకూడదనే కోరుకున్నాను. నా ఆవులు నాకు దొరకకూడదని నేనే మొక్కుకున్నానంటే ఆ మనిషిని ఎంత నమ్మానో చూడండి.

పశువులు తొట్టి చుట్టూ మూగి నీళ్ళు తాగుతున్నాయి. నేను ఈల వేశాను. గాలికి పెదాలు ఎండి మొదటిసారి సరిగ్గా రాలేదు. రెండోసారి వచ్చింది. వంగిన కొమ్ము పైకి లేచింది. ఫత్ష్వానా తొట్టి వదిలి, మిగతావాటిని భుజంతో తోసుకుంటూ నా దగ్గరికొచ్చింది. దాని వెనకే ఇంకో రెండు ముసలావులు, వాటి వెనక దూడలు, ఏం జరుగుతుందో తెలియకపోయినా తల్లుల వెంట వచ్చాయి. ఫత్ష్వానా నా చంకలో మూతి పెట్టి వాసన చూసింది. నేను దాని ఎడమ చెవి పట్టుకున్నాను. మా నాన్న గుర్తు ఆ చెవి కొసన చీలిక, పిట్ట తోకలా ఉంటుంది. ఆ కొస ఇప్పుడు లేదు. చెవి సగానికి అడ్డంగా కోసేసి ఉంది. అడ్డంగా కోసిన చెవి మొదిరీ గుర్తు. గాయం మానిన అంచు బిరుసుగా వేళ్ళకి తగిలింది.

కంచే చేను మేసింది. ఇన్నాళ్ళూ ఆ కంచెకి నేనే నీళ్ళు పోశాను.

ఊరు చేరిన మర్నాడే ఊరిపెద్ద దగ్గర ఫిర్యాదు ఇచ్చాను. కెలెబొన్యే గడ్డం నిమురుకున్నాడు. "కొత్త అధికారానికి మొదటి పెద్ద కేసు నాకు కుడిచెయ్యి లాంటివాడి మీదే వచ్చింది," అన్నాడు. "పర్లేదమ్మా. ఖోట్లాకి కుడీ ఎడమా లేవు."

ఆ సాయంత్రం మొదిరీ వచ్చాడు. ఈసారి టోపీ తియ్యలేదు.

"ఇంటి మాట వీధిలో పెట్టావేంటి బిడ్డా? నన్నడిగితే చెప్పేవాణ్ణిగా. ఎలాగో కలిసిపోయాయి నా మందలో."

"చెవులు కూడా ఎలాగో తెగాయా బాబాయ్?"

"పెద్దవాణ్ణి, నోరు జాగ్రత్త."

"ఇంటి మాట ఇంట్లోనే ఉండాలంటే ఖోట్లాకి అధికారం ఎందుకు తెప్పించావు? నన్ను ఇంటింటికీ ఎందుకు తిప్పావు?"

ఆయన నవ్వాడు, ఎప్పటిలాగే, బాబాయ్ లాగే. "సరే. ఖోట్లాలోనే చూసుకుందాం," అని వెళ్ళిపోయాడు. ఆ నిబ్బరం నాకు అంతుపట్టలేదు. సిగ్గు వచ్చిందేమో, అందరి ముందు ఒప్పుకుంటాడేమో అనుకున్నాను. రాత్రి గంజి తాగుతూ ఆయన మీద జాలి కూడా పడ్డాను. మూర్ఖురాలిని.

కేసు రోజున ఊరంతా వచ్చింది. మగవాళ్ళ కుర్చీలు, ఆడవాళ్ళ చాపలు, ఖోట్లా గుంజల బయట కూడా జనం. ఊరి పోలీసులు ఆవుల్ని సాక్ష్యంగా తోలుకొచ్చి పక్కనే ఉన్న దొడ్లో పెట్టారు. మా వకీళ్ళూ కాగితాలూ అన్నీ ఆ ఆవులే. నేను ఈల వేస్తాను, అవి వస్తాయి, తౌ లాంటి ముసలాళ్ళు లేచి "ఇది ఫలానా ఆవు, ఫలానా ఏడు మా ముందే మఫీసా ఇచ్చాడు" అని చెప్తారు. అలా అనుకునే వచ్చాను. ముందురోజు సాయంత్రం తౌ ఇంటికెళ్తే, "ఫత్ష్వానాని నేను ఎరగనా? అది పుట్టినప్పుడు కాళ్ళు పట్టి లాగింది నేనే," అన్నాడు.

మొదిరీ కుర్చీ ఆ రోజు ఊరిపెద్ద పక్కన లేదు. ఎదురుగా ఉంది. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకొచ్చాడు. గుమాస్తా నేరం చదివాడు.

"విన్నావుగా మొదిరీ," అన్నాడు కెలెబొన్యే. "ఏమంటావు? చేశావా, లేదా?"

మొదిరీ లేచి టోపీ తీశాడు.

"అయ్యా, ఇది జైలు దాకా వెళ్ళే కేసు. నాకు వకీలు కావాలి."

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. బొనోలో నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నప్పుడు అర్థమైంది. తెల్ల జీపు అధికారి చివర్న చెప్పిన మాట, మేమంతా పగలబడి నవ్విన మాట.

"అద్దె నోరా మొదిరీ?" అన్నాడు తౌ. ఈసారి నవ్వలేదు.

"చట్టంలో ఉన్నదే అడిగాను పెద్దాయనా. మీరంతా పులా అన్న చట్టమే కదా."

ఖోట్లాలో ఎవరేం మాట్లాడినా అది మంచి మాటేనని మా సామెత. ఆ రోజు మొదిరీ మాటని కూడా అలాగే విన్నారు. నేను లేచాను.

"అయ్యా, పట్నంలో నన్ను కాగితం అడుగుతారు. నా దగ్గర కాగితం లేదని ఈ మనిషికి తెలుసు. మఫీసాకి కాగితం ఉండదని నాకు చెప్పిందే ఈయన. వాళ్ళకి కనపడేది అడ్డంగా కోసిన చెవి ఒక్కటే. అది ఈయన గుర్తు."

"తెలుసమ్మా," అన్నాడు కెలెబొన్యే. "కానీ అతను అడిగాడు. అడిగిన క్షణం నుంచి ఈ కేసు నా ముందు లేదు."

"ఒక్కసారి ఈల వెయ్యనివ్వండి. ఊరంతా చూస్తుంది. ఆవులు అక్కడే ఉన్నాయి."

"లేని కేసులో సాక్ష్యం వినే అధికారం నాకు లేదు."

"ఆ అధికారం కోసమే కదయ్యా నేను కాళ్ళరిగేలా తిరిగింది?"

ఆయన తన బూట్ల వైపు చూసుకున్నాడు. తర్వాత గుమాస్తాతో, కేసు పట్నానికి రాసి పంపమన్నాడు. అక్కడ తేలేదాకా ఆవులు ఎక్కడ దొరికాయో అక్కడికే పోవాలన్నాడు. అంటే మొదిరీ దొడ్డికి.

దొంగల మీద కోర్టు కావాలని మొదిరీ నిజంగానే కోరుకున్నాడు, ఇప్పటికీ నేనది నమ్ముతాను. ఆ కోర్టు తనమీద కాదు, ఇతరుల మీద ఉండాలి. తన వరకూ వస్తే తప్పించుకునే దారి ఎక్కడుందో ముందే చూసుకున్నాడు. నేను ఆగిన కాలమంతా ఆ చెవులు మానుతూ ఉన్నాయి.

ఊరిపెద్ద లేవబోయాడు. నేను అప్పుడు దొడ్డి వైపు తిరిగి ఈల వేశాను.

పొడుగ్గా వేశాను, ఆగాను, చివర్న ఎగరేశాను. ఫత్ష్వానా దొడ్డి గుంజల దగ్గరికి వచ్చి వాటి సందులోంచి మూతి నా వైపు చాపింది. మిగతా రెండూ దాని పక్కన నిలబడ్డాయి. దూడలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. ఊరంతా చూసింది. చూడలేదని ఎవరూ అనలేరు.

"తౌ తాతా," అన్నాను. "ఈ ఆవు ఎవరిది?"

తౌ ఆవు వైపు చూశాడు. ఊరిపెద్ద వైపు చూశాడు. ఊరిపెద్ద లేచి నిలబడ్డాడు. ఆయన లేస్తే సభ అయిపోయినట్టే.

"పట్నంలో అడుగుతారు కదే తల్లీ," అన్నాడు తౌ మెల్లగా. "అక్కడ... చూద్దాం. ఈ మోకాళ్ళతో అంత దూరం..." మాట పూర్తి చెయ్యకుండా కుర్చీ మడిచాడు.

ఆ చప్పుడుతో అన్ని కుర్చీలూ మడతపడ్డాయి. నేను ఇంటింటికీ తిరిగినప్పుడు తలుపు తీసి టీ ఇచ్చినవాళ్ళే, పులా అని అరిచినవాళ్ళే, నా మొహం చూడకుండా కుర్చీలు చంకన పెట్టుకుని వెళ్ళారు. బొనోలో ఒక్కతే నిలబడి, "థూ! మీ మగతనానికి నా సారా కూడా దండగే!" అని అరిచింది. ఎవరూ వెనక్కి తిరగలేదు. నాకు ఏడుపు రాలేదు.

మొదిరీ నా పక్కనుంచి వెళ్తూ ఆగాడు.

"పట్నానికి నా బండిలో రా బిడ్డా," అన్నాడు. "బస్సులో నలిగిపోతావు."

ఎగతాళి కాదది. నిజంగానే పిలిచాడు. నాన్న పోయిన రోజు నన్ను ఓదార్చిన గొంతుతోనే పిలిచాడు.

పోలీసులు దొడ్డి అడ్డకర్రలు తీశారు. మొదిరీ మనుషులు ఆవుల్ని బయటికి తోలారు. అన్నీ నడిచాయి, ఫత్ష్వానా మాత్రం నా వైపే చూస్తూ నిలబడింది. వీపు మీద కర్ర పడింది. ఒక అడుగు వేసి మళ్ళీ ఆగింది. ఇంకో దెబ్బ పడింది.

ఈల నా పెదాల దాకా వచ్చింది. వేస్తే అది నా దగ్గరికి వచ్చేస్తుంది. వస్తే ఇంకా కొడతారు. నేను నోరు మూసుకుని, అది వెళ్ళేదాకా దానికి వీపు తిప్పి నిలబడ్డాను.